ప్యాకెట్ మీద కెమెరా పెడితే కూపన్: దీనికి అమెరికాలో పేటెంట్ ఉందట, యాప్ మూసెయ్యాలా?

కోఠి_కుర్రాడు · ఆదివారం రాత్రి 11:40
అందరికీ నమస్తే. ఇసామియా బజార్‌లో మా నాన్నకి కిరాణా కొట్టుంది. నాకు పగలు హైటెక్ సిటీలో ఉద్యోగం, రాత్రి మా కొట్టు కోసమే ఒక యాప్ పని. కస్టమర్ తన ఫోన్ కెమెరాని బిస్కెట్ ప్యాకెట్ మీద పెడితే అది ఏ సరుకో గుర్తుపట్టి, ఆ రోజు దాని మీద ఏం స్కీముందో చూపిస్తుంది. "తీసుకో" అని నొక్కితే తగ్గింపు పోను మిగిలిన మొత్తంతో యూపీఐ తెరుచుకుంటుంది. ప్యాకెట్ తిప్పి తిప్పి బార్‌కోడ్ వెతుక్కోనక్కర్లేదు. గుర్తుపట్టే పనంతా ఫోన్‌లోనే, ఫొటో సర్వర్‌కి పోదు. మా గల్లీలో సిగ్నల్ సంగతి తెలిసినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు.

పోయిన వారం మాదాపూర్‌లో డబ్బు పెడతానన్న ఒకాయన డెమో అంతా చూసి, లేచి వెళ్తూ వెళ్తూ "పేటెంట్లు చూసుకున్నావా? ఇదంతా అమెరికాలో ఇరవై ఏళ్ల కిందటే రాసేసుకున్నారు" అన్నాడు. ఆ రాత్రే పద్దెనిమిది నంబర్ల లిస్టు మెయిల్ చేశాడు. ఒకటి తెరిచి బొమ్మలు చూస్తే గుండె జారిపోయింది. ఫోను, దాని ముందో వస్తువు, అక్కణ్ణుంచి బాణం, బాణం చివర "కొనుగోలు". అచ్చం నా యాప్. మూసెయ్యమంటారా?

మూసీ_ఒడ్డున · 11:52
ఫొటో తీసుడు కూడా పేటెంటేనా భయ్యా? రేపు దుకాణంల "ఆ ఎర్రది ఇయ్యి" అని వేలు చూపిచ్చినా ఎవనికో పైసల్ కట్టాల్నేమో.

తార్నాక_కామేశ్వరి · సోమవారం ఉదయం 6:15
కుర్రాడు గారూ, ముందు బొమ్మలు చూడటం ఆపండి. పేటెంట్లు రాయడమే నా వృత్తి కనుక చెబుతున్నాను. బొమ్మలూ, సారాంశమూ, వంద పేజీల వివరణా హక్కు కాదు. చివర్లో అంకెలు వేసిన వాక్యాలు ఉంటాయి చూడండి, వాటిని క్లెయిములంటారు, హక్కంతా వాటిలోనే. ఇంటి దస్తావేజు గుర్తు తెచ్చుకోండి. అమ్మిన వాళ్ల తాతల కథ నాలుగు పేజీలున్నా, మీ జాగా ఎంతో తేల్చేది తూర్పు పడమర హద్దులు రాసిన ఆ నాలుగు లైన్లే కదా.

ఒక క్లెయిములో ఆరు అంశాలుంటే ఆ ఆరూ మీ యాప్‌లో ఉండాలి. ఒక్కటి లేకపోయినా మామూలుగా ఆ క్లెయిము మీకు తగలదు. ఫొటోని దూరంలోని సర్వర్‌కి పంపడం అని అందులో రాసి ఉంటే, మీ ఫొటో ఫోన్ దాటదు కాబట్టి ఆ గీత మీరు దాటనట్టే. ఇలా ఒక్కోటీ పక్కపక్కన పెట్టి చూడాలి. విసుగు పనే, వేరే దారి లేదు.

ఇంకో మాట. పేటెంట్‌కి దేశం ఉంటుంది. అమెరికా పేటెంటుకి ఇసామియా బజార్‌లో పని లేదు. మీ యాప్ అక్కడ వాడితే అది వేరే సంగతి.

కోఠి_కుర్రాడు · 8:05
థాంక్యూ మేడమ్. ఆ లిస్టులో మొదటి నంబరు 7,016,532. అది ఇంకా బతికే ఉందా?

తార్నాక_కామేశ్వరి · 8:30
అది ఈ రంగంలో అందరికీ తెలిసిన కుటుంబమే. వస్తువుని చిత్రం తీసి, డేటాబేస్‌తో పోల్చి, దానికి సంబంధించిన సమాచారం ఉన్న చిరునామాకి తీసుకెళ్లడం దాని సారం. మొదటి దరఖాస్తు 2000 నవంబరులో, పూర్తి దరఖాస్తు 2001లో, పేటెంట్ ఇచ్చింది 2006లో. ఆ పూర్తి దరఖాస్తు తేదీ నుంచి ఇరవై ఏళ్లు లెక్కేసుకోండి, ఏవైనా సర్దుబాట్లుంటే ఇంకొంత పెరగొచ్చు. దాని తర్వాత పిల్లలు, మనవలు అన్నట్టు అదే వివరణ మీద వరసగా పేటెంట్లు తీసుకుంటూ పోయినా, ఆ పాత తేదీనే పట్టుకుని వేలాడతాయి గనక వాటి ఆయుష్షూ ఇంచుమించు అక్కడే ఆగుతుంది. మీ లిస్టులో పద్దెనిమిదీ ఒకే చెట్టు కొమ్మలైతే భయం సగానికి సగం పోయినట్టే.

దిల్‌సుఖ్‌నగర్_టు_డాలస్ · 9:10
కామేశ్వరి గారూ, అంత ధైర్యం కూడా వద్దండి. కెమెరా, డబ్బు కలిసిన చోట ఇక్కడ పెద్ద పెద్ద దెబ్బలు తగిలాయి. ఫోన్‌తో చెక్కు ఫొటో తీసి జమ చేసే పద్ధతి మీద యూఎస్ఏఏ అనే ఆర్థిక సంస్థ వేసిన కేసులో 2019 నవంబరులో జ్యూరీ వెల్స్ ఫార్గో బ్యాంకుకి 20 కోట్ల డాలర్లు వేసింది. 2022లో పీఎన్‌సీ బ్యాంకు మీద 21.8 కోట్లు. తర్వాత అప్పీళ్లలో ఏవేవో మలుపులు తిరిగాయనుకోండి, కానీ జ్యూరీ అంత అంకె పలికిందంటే చిన్నవాళ్లు కోర్టు దాకా పోకుండానే రాజీకొస్తారు. ఆ విచారణలు జరిగిన మార్షల్ అనే ఊరు మా డాలస్ నుంచి కారులో రెండు మూడు గంటలే. చిన్న ఊరు, పేటెంట్ లాయర్లతో హోటళ్లు నిండుతాయి.

కుర్రాడు గారు చెప్పిన 532 చెట్టు యజమానుల గుంపు సంస్థలే 2020లో పోకెమాన్ గో చేసిన నయాంటిక్ మీద కేసు వేశాయి, వేరే పేటెంట్లతో.

అయితే 2014 జూన్ 19న అమెరికా సుప్రీంకోర్టు ఆలిస్ కేసులో తొమ్మిది మందీ ఏకగ్రీవంగా తేల్చారు: ఎప్పట్నుంచో ఉన్న వ్యవహారాన్ని మామూలు కంప్యూటర్ మీద చేసినంత మాత్రాన పేటెంట్ రాదని. ఆ దెబ్బతో కూపన్లు, చెల్లింపుల మీద రాసిన పాత క్లెయిములు చాలా కూలిపోయాయి. ఒక్క నొక్కుతో కొనడం మీద అమెజాన్‌కి 1999లో పేటెంట్ ఇచ్చారు, 2017 దాకా నడిచింది. ఇవాళ అడిగితే ఇస్తారా అన్నది నాకు అనుమానమే.

మూసీ_ఒడ్డున · 9:14
ఒక్క నొక్కుకి పద్దెనిమిదేండ్లు!!

సీవీ_సుధ · 1:20
గచ్చిబౌలి నుంచి ఒక టెక్నికల్ మాట. నేను కంప్యూటర్ విజన్, అంటే ఫొటోలో ఏముందో కంప్యూటర్‌తో గుర్తుపట్టించే విద్య, దాని మీదే చదివి, దాంతోనే ఉద్యోగం చేస్తున్నాను. ఈ పేటెంట్లలో చాలావాటికి "వస్తువుని గుర్తుపట్టు" అనేది ఒక పెట్టె. ఎలా గుర్తుపట్టాలో ఆ పెట్టెలో ఉండదు. అసలు కష్టమంతా అందులోనే.

ఆ పెట్టెలో చాలా ఏళ్లు కూర్చున్నది సిఫ్ట్ అనే గుర్తుపట్టే పద్ధతి. డేవిడ్ లో 1999లో ప్రచురించారు, అమెరికా పేటెంట్ 2004లో వచ్చింది, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పేరు మీద. మా బ్యాచ్‌లో అందరం ప్రాజెక్టులకి వాడినవాళ్లమే, ఉద్యోగాల్లోకొచ్చాక "వాణిజ్యానికి వాడొద్దు" అన్న హెచ్చరిక చూసి పక్కన పెట్టినవాళ్లమే. ఓపెన్‌సీవీ అనే విజన్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని విడిగా, ఉచితం కాని మూలలో ఉంచేవారు. దాని బదులు వాడుకోమనే 2011లో ఆర్బ్ అనే ఇంకో పద్ధతి వచ్చింది. 2020 మార్చిలో సిఫ్ట్ గడువు తీరింది, అదే ఏడాది ఓపెన్‌సీవీ 4.4లో మామూలు గదిలోకి వచ్చి కూర్చుంది. అంటే పేటెంట్ ఉన్నన్నాళ్లూ జనం ఆగిపోలేదు, పక్కదారి వేసుకున్నారు.

సర్వర్ లేకుండా ఫోన్‌లోనే గుర్తుపట్టడం కూడా కొత్తేం కాదు. మన ట్రిపుల్ ఐటీలోనే 2012, 13 ప్రాంతంలో గోల్కొండ, హంపి కట్టడాలని ఫోన్ కెమెరాతో గుర్తుపట్టి వివరం చూపించే పని చేసి పేపర్లు వేశారు. ఎవరైనా 2015 తర్వాత "ఫోన్‌లోనే గుర్తుపట్టడం మా సొత్తు" అంటే వాళ్ల ముందు పెట్టడానికి అలాంటి పాత పేపర్లే ఆయుధం.

కుర్రాడూ, మీ యాప్ ఐదు రూపాయల ప్యాకెట్‌నీ పది రూపాయల ప్యాకెట్‌నీ ఎలా వేరుచేస్తోంది?

కోఠి_కుర్రాడు · 2:02
అక్కా, సరిగ్గా అక్కడే మూడు నెలలు పోయాయి. రెండిటి మీదా అదే బొమ్మ, అదే రంగు, అదే పాప. సైజు ఒక్కటే తేడా. ఫోన్ దగ్గరగా పెడితే చిన్నది పెద్దదైపోతుంది. మా నాన్న ఒకరోజు పది రూపాయల దాని స్కీముతో ఐదు రూపాయల ప్యాకెట్లు పదిహేడు అమ్మేశాడు. సాయంత్రం గల్లా లెక్క తేడా వచ్చి నన్ను పిలిచి ఏమీ అనలేదు, ఆ ప్యాకెట్లు రెండూ నా ల్యాప్‌టాప్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

సీవీ_సుధ · 2:10
చూశారా, సైజు మారినా గుర్తుపట్టడమే సిఫ్ట్ లాంటివాటి గొప్ప. పేరులో మొదటి మాటలే "స్కేల్ ఇన్వేరియంట్", సైజు మారినా మారనిది అని. మీ కొట్లో ఆ గొప్పే రోగం. ఇక షాంపూ పౌచ్‌ల మీద ట్యూబ్‌లైట్ మెరుపు పడితే ఏ మోడలైనా గుడ్డిదే.

బేగంబజార్_బాబాయ్ · రాత్రి 9:45
నేను హోల్‌సేల్‌ల ముప్పై ఏండ్ల సంది ఉన్న. పొద్దున్నుంచి మీరందరు క్లెయిమ్, క్లెయిమ్ అంటుంటె మా లైను ముచ్చటే అనుకున్న. మాకు క్లెయిమ్ అంటె స్కీము పైసల్ కంపెనీ నుంచి రావాల్సినయి. దుకాణపోనికి మేం తగ్గిచ్చి ఇస్తం, కాగితం కంపెనీకి పంపుతం, ఆరు నెలలకి సగం వస్తది, సగం "డాక్యుమెంట్ సరిగ లేదు" అని తిప్పి పంపుతరు.

తమ్మీ, నీ యాప్‌ల నాకొక్కటే సమజైతలేదు. ప్యాకెట్ ఫొటో తీసిండు, తగ్గింపు వచ్చింది. గదే ప్యాకెట్‌ని పక్కన పెట్టి ఇంకొకడు తీసిండు. మళ్ల తగ్గింపా? ఒక్క ప్యాకెట్ మీద పది మంది కూపన్ తింటె కంపెనోడు నీ మొకం చూస్తడా? పాతకాలం ఎట్ల ఉండేనంటె, ఖాళీ కవర్లు తెస్తెనే గ్లాస్ ఇచ్చేటోళ్లం. సేల్స్‌మన్ వచ్చి ఆ కవర్లు లెక్కవెట్టి మూల కత్తిరిచ్చి పోయేటోడు. ఎందుకు కత్తిరిచ్చుడంటె మళ్ల ఎవడు లెక్కల పెట్టొద్దని. కత్తెర పడితేనె కూపన్ ఖతమైనట్టు. నీ కెమెరాకి కత్తెర ఏది?

సీవీ_సుధ · 9:58
బాబాయ్ గారు ఒక్క పేరాలో మా రంగం మొత్తం కడిగేశారు. కెమెరా చెప్పేది "ఇది ఏ రకం" అని. డబ్బుకి కావలసింది "ఇది ఏ ఒక్కటి" అని. ఆ రెండూ వేరు. అందుకే చాలా స్కీముల్లో ప్యాకెట్ లోపల విడి నంబరు ముద్రిస్తారు, చించితేనే కనపడుతుంది. చించడమే కత్తెర.

కోఠి_కుర్రాడు · 10:20
బాబాయ్, దానికి నేను పెట్టుకున్న కత్తెర యూపీఐ. ఫొటో తీస్తే స్కీము చూపిస్తుంది అంతే, కూపన్ పుట్టదు. డబ్బు మా నాన్న ఖాతాలో పడ్డాకే, ఆ లావాదేవీ నంబరుకి తగిలించి ఒక్కసారి వాడినట్టు రాసుకుంటుంది. పది మంది ఫొటో తీసినా పది మందీ డబ్బు కట్టాల్సిందే.

బేగంబజార్_బాబాయ్ · 10:31
గట్లయితె మంచిదే. గని పది మంది కట్టి తొమ్మిది ప్యాకెట్లే తీస్కపోతె?

మూసీ_ఒడ్డున · 10:33
బాబాయ్‌ని పేటెంట్ ఆఫీసుల కూర్చోబెట్టాలె.

అమీర్‌పేట_ఆనంద్ · 11:05
నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. పేటెంట్ల గోల వదిలెయ్యండి. క్యూఆర్ కోడ్ చూడండి. 1994లో జపాన్‌లో డెన్సో వాళ్ల దగ్గర మసాహిరో హారా చేశారు, కారు విడిభాగాల లెక్క కోసం. పేటెంట్ తీసుకున్నారు, కానీ ప్రమాణానికి తగ్గట్టు వాడేవాళ్ల మీద ఆ హక్కు వాడబోమని చెప్పేశారు. అందుకే ఇవాళ మొజంజాహీ మార్కెట్‌లో పళ్లబండి మీద కూడా ఆ నల్ల చదరం ఉంది. పైసా అడిగి ఉంటే ఉండేదా?

బార్‌కోడ్ కథ ఇంకా విడ్డూరం. ఉడ్‌లాండ్, సిల్వర్ 1949లో దరఖాస్తు పెడితే 1952లో పేటెంట్ వచ్చింది, 1969కి గడువైపోయింది. ఒహాయోలో ఒక సూపర్ మార్కెట్‌లో మొదటి చూయింగ్ గమ్ ప్యాకెట్ స్కానైంది 1974 జూన్ 26న. అంటే పేటెంట్ పోయిన ఐదేళ్లకి.

తార్నాక_కామేశ్వరి · మంగళవారం ఉదయం 6:40
ఆనంద్ గారూ, డెన్సో పేటెంట్ తీసుకున్నాకే వదిలింది, తీసుకోకుండా కాదు. ఆ తేడా చిన్నది కాదు.

ఇక మన పేటెంట్ చట్టం. సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, ఆల్గారిథమ్, కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్ అయినవి ఆవిష్కరణలు కావు. "కేవలం" అన్న మాట ప్రోగ్రామ్ పక్కనే ఉంది, అందుకే 2019లో ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు సాంకేతిక ప్రభావం ఉంటే పరిశీలించండి అంది. వ్యాపార పద్ధతి పక్కన ఆ మాట లేదు. 2023 మేలో ఓపెన్‌టీవీ కేసు వచ్చింది. డిజిటల్ కానుక ఒకరికొకరు పంపుకునే వ్యవస్థ అది. వ్యాపార పద్ధతి మీద నిషేధానికి మినహాయింపు లేదని అదే కోర్టు తేల్చి, చట్టాన్ని మళ్లీ చూడమని సలహా కూడా ఇచ్చింది. ఫొటో తీస్తే కూపన్, కూపన్‌తో చెల్లింపు అని మీరు రాసుకెళ్తే ఇక్కడ దాదాపు ఖాయంగా 3(కె) అడ్డొస్తుంది. అది ఎవరికైనా అంతే, ఆ అమెరికా వాళ్లకైనా.

ఖర్చు సంగతి: మనకి హైదరాబాద్‌లో పేటెంట్ ఆఫీసు లేదు, చెన్నై పరిధి, అయినా దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. వ్యక్తులకి, స్టార్టప్‌లకి దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, దరఖాస్తుని పరీక్షించమని కోరడానికి 4,000. ముందు ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు, వేస్తే పూర్తి దరఖాస్తుకి 12 నెలలు టైముంటుంది. అసలు ఖర్చు నాలాంటివాళ్ల ఫీజు, అది ఇక్కడ రాయను.

కోఠి_కుర్రాడు · 7:55
అయితే మేడమ్, కూపన్ వదిలేసి ఆ సైజు సమస్యకి నేను వేసిన మందుకి వస్తుందా? చెప్తాను. ప్రతి కొట్లో కౌంటర్ మీద యూపీఐ క్యూఆర్ స్టాండు ఉంటుంది కదా. ప్యాకెట్‌ని దాని పక్కన ఆనించి రెండూ కలిపి ఒకే ఫ్రేములో తీయమంటాను. ఆ స్టాండు కొలత ఎంతో ముందే రాసి పెట్టుకున్నాను గనక అదే నా స్కేలు బద్ద. ప్యాకెట్ అసలు ఎత్తు తేలిపోతుంది, ఐదుదో పదిదో తెలిసిపోతుంది. అదే ఫ్రేములో డబ్బు ఎవరికి కట్టాలో కూడా దొరికింది, రెండోసారి స్కాన్ అక్కర్లేదు. ఒక్క ఫొటోలో ఏం కొన్నావో, ఎంత సైజో, ఎవరికి కట్టాలో మూడూ.

సీవీ_సుధ · 8:03
వావ్. ఇది బావుంది.

తార్నాక_కామేశ్వరి · 8:04
అయ్యో. అయ్యో కుర్రాడు గారూ. ఇక్కడ ఎందుకు రాశారండీ?!

కోఠి_కుర్రాడు · 8:06
??

తార్నాక_కామేశ్వరి · 8:15
ఇది అందరూ చదివే చోటు. దరఖాస్తుకి ముందే లోకానికి చెప్పేస్తే ఇక్కడ కొత్తదనం పోతుంది, చెప్పింది మీరే అయినా సరే. తీసేసినా లాభం లేదు, ఇప్పటికే ఎంతమంది చదివారో. అసలు ఇంతకుముందు బయట ఎక్కడైనా చూపించారా?

కోఠి_కుర్రాడు · 8:21
జనవరిలో నుమాయిష్‌లో మా మామయ్య స్టాల్ దగ్గర నాలుగు రోజులు పెట్టాం. జనం బాగానే ఆడుకున్నారు.

మూసీ_ఒడ్డున · 8:22
నాంపల్లి ఎగ్జిబిషన్‌ల పెడితె సగం హైదరాబాద్‌కి చెప్పినట్టే భయ్యా.

తార్నాక_కామేశ్వరి · 8:40
ప్రదర్శనలకి చట్టంలో ఒక మినహాయింపు ఉంది, సెక్షన్ 31. కానీ అది కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనకే, అదీ 12 నెలల్లో దరఖాస్తు వేస్తేనే. స్టాల్ పెట్టినంత మాత్రాన రాదు. అమెరికాలో మాత్రం సొంతవాళ్లు బయటపెట్టిన రోజు నుంచి ఏడాది గడువిస్తారు, ఇంకా దారి మూసుకోలేదు. అయితే సెక్షన్ 39 చూసుకోండి: ఇక్కడ ఉంటున్నవాళ్లు ఇక్కడ దరఖాస్తు వేసి ఆరు వారాలు ఆగకుండా, అనుమతి కూడా తీసుకోకుండా బయట వేస్తే శిక్ష ఉంది, జైలు దాకా.

సీవీ_సుధ · 9:30
ఇందాక పొగిడాను కాబట్టి ఇప్పుడు కొంచెం నీళ్లు చల్లుతాను. తెలిసిన కొలత ఉన్న గుర్తుని ఫ్రేములో పెట్టి కొలవడం పాతదే. రూపాయి నాణెం పక్కన పెట్టి గాయం ఫొటో తీయడం డాక్టర్లు ఎప్పట్నుంచో చేస్తున్నారు, 1999 నాటి ఏఆర్ టూల్‌కిట్ అనే సాఫ్ట్‌వేర్‌లోనూ నల్ల చదరాలతో అదే పని. డబ్బు కట్టే క్యూఆర్‌నే కొలబద్ద చేయడం మాత్రం ముచ్చటగా ఉంది. ఎగ్జామినర్ దాన్ని "ఎవరికైనా తట్టేదే" అంటాడా అనడా అంటే, నేనైతే పందెం కాయను.

దిల్‌సుఖ్‌నగర్_టు_డాలస్ · 9:50
ఒకటి మాత్రం జరిగింది. ఈ చర్చకి తేదీ ఉంది. ఇక మీదట ఇంకెవరూ ఇదే రాసుకుని కుర్రాడి మీదకి రాలేరు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

కోఠి_కుర్రాడు · రాత్రి 10:15
ఇవాళ సెలవు పెట్టి ఆ పద్దెనిమిదీ క్లెయిములు మాత్రమే చదివాను. పదమూడు ఒకే చెట్టు, 2000 నాటి తేదీ. మూడింటిలో ఫొటో సర్వర్‌కి పంపాల్సిందే. మిగిలిన రెండూ నాకు అర్థం కాలేదు, కామేశ్వరి మేడమ్‌కి విడిగా రాస్తున్నాను, ఈసారి ఇక్కడ కాదు. అమెరికాలో వేసే ఉద్దేశం లేదు. నాన్నకి చెప్తే "మన స్టాండు మీద పసుపు మరకలున్నాయి, కొలత తప్పదా" అని అడిగాడు.

బేగంబజార్_బాబాయ్ · 10:40
తమ్మీ, గవన్నీ పక్కన పెట్టు. నా దుకాణంల క్యూఆర్ గోడకి కొట్టి ఉన్నది, ఆరడుగుల ఎత్తుల. నడుస్తదా?

కోఠి_కుర్రాడు · 10:44
నడవదు బాబాయ్. ప్యాకెట్ పక్కనే ఉండాలి.

బేగంబజార్_బాబాయ్ · 10:46
అయితె గురువారం ఇంకో స్టాండు పట్టుకొని రా. కత్తెర ముచ్చట కూడా మాట్లాడుదం, తొమ్మిది ప్యాకెట్లది నువ్వింకా చెప్పలే.